నాలుగు మడతల బ్యాలెట్

మొన్నామధ్య ఒడిశాలోని మా రాయగడ జిల్లాలో ఒక అసెంబ్లీ సీటుకు ఉప ఎన్నిక వచ్చేనాటికి నీటిపారుదల శాఖలో గుమస్తాగా నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు నిండింది. ఎన్నికల డ్యూటీ నాకు కొత్త కాదు. పోలింగ్ బూతుల్లో కూర్చున్నాను, లెక్కింపు బల్లల దగ్గరా పనిచేశాను. ఈసారి మాత్రం హోమ్ ఓటింగ్ బృందానికి నన్ను పెద్దగా వేశారు. ఎనభై అయిదేళ్ళు దాటి, బూతుకు రాలేమని ముందుగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళ ఇంటికి మేమే బ్యాలెట్ కాగితం పట్టుకెళ్ళి ఓటు వేయించుకు రావాలి. నాకు తోడు బెహెరా అనే ఒడియా మాస్టారు, ఒక కానిస్టేబులు, ఒక వీడియో కెమెరా ఆయన. ఆ రోజు మా జాబితాలో పదకొండు ఇళ్ళున్నాయి.

మూడో ఇల్లు రామనగుడ దాటాక కొండవైపు ఊళ్ళో గవరమ్మది. ఆమెకు ఎనభై తొమ్మిదేళ్ళు. రెండు కళ్ళూ కనపడవు. కొడుకు సింహాచలం పోటీలో ఉన్న ఒక అభ్యర్థి తరఫున ఊరూరా తిరిగి ప్రచారం చేస్తున్న మనిషి. మేము వెళ్ళేసరికి వరండాలో బల్ల వేసి, దుప్పటి పరిచి సిద్ధంగా ఉన్నాడు. అతని భార్య లోపల పనిలో ఉంది.

"మాయమ్మకి కళ్ళు అగుపడవు మేడమ్. కంపేనియన్‌గా నాను ఏసేస్తాను. రూలుంది గదా" అన్నాడు.

రూలు ఉన్నమాట నిజమే. చూపులేనివాళ్ళ తరఫున పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళెవరైనా గుర్తు పెట్టవచ్చు. దాన్నే కంపేనియన్ అంటారు. ఆ కంపేనియన్ చేత సంతకం చేయించుకోవలసిన ఫారం తీసి, అలవాటు ప్రకారం ముందు ఓటరును అడిగాను.

"మామ్మా, మీ ఓటు మీ అబ్బాయి వేస్తారంటున్నారు. మీకు ఇష్టమేనా?"

ఆమె నా గొంతు వినిపించిన వైపు తల తిప్పింది.

"నువ్వు తెలుగోళ్ళ పిల్లవేటి అమ్మీ?"

"అవును మామ్మా. మా తాతగారిది సాలూరు."

"అయితే ఇను. ఆడొద్దు. నా ఓటు నానే ఏసుకుంటాను."

సింహాచలం మొహం ఎర్రబడింది. "నీకు కాయితం అగుపడదు గదే. ఏటి ఏస్తావు?"

"కళ్ళు పోయిన కాణ్ణుంచి నా పనులన్నీ ఎవులో ఒకలు సేసేస్తన్నారు. ఇదొక్కటి నాను సేసుకుంటాను."

"పోనీ మీ కోడలిని పిలవమంటారా?" అని అడిగాను.

"అది మంచిదే. ఆడడిగితే సెప్పీకుండా ఉండలేదు. దాన్నెందుకు బాధెట్టడం?"

కంపేనియన్‌ను ఎంచుకునే హక్కు ఓటరుదే. అందులో నాకు సందేహం లేదు. కానీ ఎవరూ వద్దంటే చూపులేని మనిషి ఐదు పేర్లున్న కాగితం మీద సరైన గడిలో గుర్తు ఎలా పెడుతుంది? గీత మీద పడితే ఓటు చెల్లదు. బెహెరా మాస్టారు కోడలినే ఒప్పించమని సైగ చేశారు.

అప్పుడు ఆమె వేళ్ళు చూశాను. బల్లమీది దుప్పటి అంచును పట్టుకుని మెల్లగా తడుముతున్నాయి. వణుకు లేదు.

"ఏం పని చేసేవారు మామ్మా?"

"అడ్డాకుల ఇస్తళ్ళు కుట్టేదాన్ని. ఇప్పుడూ కుడతాను."

నాకు ధైర్యం వచ్చింది. రిటర్నింగ్ ఆఫీసరు గారికి, అంటే ఆ ఎన్నిక మొత్తం నడిపే అధికారికి, ఫోను చేశాను. బ్యాలెట్ కాగితాన్ని పేరుకీ పేరుకీ మధ్యనున్న ప్రతి గీత దగ్గరా మడిచి, మొత్తం నాలుగు మడతలు పెట్టి ఇస్తాననీ, ఆమె వేలితో మడతలు లెక్కపెట్టుకుని తనకు కావలసిన పట్టీలో గుర్తు పెడుతుందనీ చెప్పాను. ఆయన ఒక సందేహం అడిగారు.

"లెక్కింపునాడు ఆ మడతలు చూసి అది ఆమె ఓటని ఎవరైనా గుర్తుపడితే?"

"ఈ రోజు మిగిలిన ఎనిమిది ఇళ్ళలోనూ బ్యాలెట్లు ఇలాగే మడతపెట్టి ఇస్తాను సార్."

"అయితే చెయ్యండి. జరిగింది జరిగినట్టు రిపోర్టు రాయండి" అన్నారు.

ముందు ఒక తెల్ల కాగితం అలాగే మడిచి, కలంతో సహా ఆమె చేతికిచ్చాను. మూడో పట్టీలో గుర్తు పెట్టమన్నాను, పెట్టింది. చివరి దాంట్లో పెట్టమన్నాను, పెట్టింది. రెండూ పట్టీ నడిమధ్యన పడ్డాయి. "ఆకు మడతకన్నా సులువు" అంది. ఆ తర్వాత అసలు బ్యాలెట్ ఇచ్చి, అభ్యర్థుల పేర్లు పైనుంచి కిందికి రెండుసార్లు చదివి వినిపించాను. చుట్టూ అట్ట తెర నిలబెట్టి అందరినీ వాకిట్లోకి పంపించాను. కెమెరా ఆయన దూరం నుంచి మా ఇద్దరినీ తీశాడు గానీ కాగితాన్ని తియ్యలేదు. నేను ఆమె వైపు వీపు తిప్పి నిలబడ్డాను. కాగితం చప్పుడు కాసేపు వినిపించింది, ఆగింది, మళ్ళీ వినిపించింది. ఆ రెండు నిమిషాలూ నాకు చాలా పొడుగ్గా అనిపించాయి.

"అయిపోయింది అమ్మీ" అంది. కాగితాన్ని తనే కవరులో పెట్టి, తనే అంటించింది.

సింహాచలం ఊరుకోలేదు. గుడ్డిమనిషిని మభ్యపెట్టి మేమే ఓటు వేయించుకున్నామని వాళ్ళ పార్టీ వాళ్ళచేత అబ్జర్వరుకు ఫిర్యాదు పెట్టించాడు. ఆ అబ్జర్వరు ఎన్నిక తీరు చూడ్డానికి బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అధికారి. రెండోరోజు నన్ను పిలిపించారు. ఆఫీసులో చాలామంది నన్ను చూసి జాలిపడ్డారు గానీ నాకు భయం వెయ్యలేదు. రిపోర్టుకు ఆ తెల్ల కాగితం కూడా జత చేసి ఇచ్చాను. అబ్జర్వరు వీడియో మొత్తం చూశారు. ఆ కాగితం మడతలు తన వేలితో తడిమి, "యూ మే గో" అన్నారు. అంతటితో ఫిర్యాదు మూసేశారు.

ఫలితాలొచ్చాయి. గెలిచింది సింహాచలం ఎవరి తరఫున తిరిగాడో ఆ అభ్యర్థే. కొన్ని వారాల తర్వాత సింహాచలం పంటకాలువ పూడిక గురించి అర్జీ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలో కాస్త తటపటాయించి, లోపలికొచ్చి కూర్చున్నాడు. అర్జీ తీసుకుని నంబరు వేసి ఇచ్చాను. లేవబోతూ అడిగాడు.

"మేడమ్, మాయమ్మ ఎవులికేసిందో మీకు తెలుసా?"

"తెలీదండి. నేను అటు తిరిగి ఉన్నాను."

"నాకూ సెప్పలేదు. ఎన్నిసార్లడిగినా, నువ్వు సెప్పినోడికే ఏసేనేమో, నీకెందుకురా అంటది." అతని మొహంలో కోపం లేదు. నవ్వు ఆపుకుంటున్నట్టే ఉన్నాడు.

నా కిటికీ దగ్గరికి అర్జీలతో వచ్చేవాళ్ళలో ముసలివాళ్ళు ఎక్కువ. చెయ్యి వణుకుతున్నవాళ్ళనీ, అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళనీ చూడగానే ఫారం లాక్కుని నేనే నింపేసేదాన్ని. ఇన్నేళ్ళూ దాన్ని సాయమనుకున్నాను. ఇప్పుడు ముందు అడుగుతున్నాను, మీరే రాసుకుంటారా అని. చాలామంది రాసుకుంటామనే అంటారు. నేను కలం వాళ్ళ చేతికిచ్చి, నా కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంటాను.