పాలెం నడుమ గీత

సూర్యలంక దగ్గరి ఒక మత్స్యకార పాలెంలో చాలాకాలం బడిపంతులుగా పనిచేశాను. రిటైరై తెనాలి చేరినా, కాగితం రాయాల్సొస్తే పాలెం వాళ్ళకు నేనే గుర్తొస్తాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఈ మధ్య నేనూ అలాగే ఉన్నాను.

ఈసారి కాగితం ఎంపీటీసీ హద్దుల గురించి. మండల పరిషత్తు సభ్యుణ్ణి ఎన్నుకునే ప్రాంతాలను మళ్ళీ గీస్తూ, బీచి రోడ్డును సరిహద్దు చేశారు. ఆ రోడ్డు పాలెం నడుమ నుంచి పోతుంది. ఇన్నాళ్ళూ పాలెమంతా కలిసి ఓటేసి తమ మనిషిని గెలిపించుకునేది. ఇప్పుడు సగం పాలెం ఒక రైతుల ఊరికి తోక, మిగతా సగం ఇంకో ఊరికి తోక. గీత అలాగే ఉంటే వాళ్ళ మనిషి ఇక ఎటూ గెలవడు.

అభ్యంతరాలు వినడానికి బాపట్లలో విచారణ పెట్టారు. పునర్విభజనలో భజన ఉంది గనుక జనం తప్పదు కాబోలనుకుంటూ, మోకాళ్ళను తిట్టుకుంటూ రైలెక్కాను.

పాలెమంతా వచ్చింది. చేపల బేరం మానుకుని ఆడవాళ్ళూ వచ్చారు. ముందు రైతుల ఊళ్ళ వాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఈ హద్దే బాగుందని తలా ఒక కాగితం ఇచ్చారు. తర్వాత పాలెం కులపెద్ద లేచి, నేను రాసిన కాగితం ఇచ్చి, "మా పాలేన్ని చీల్చకండి బాబూ, మేమంతా ఒకటే" అని కూర్చున్నాడు.

"ఇంకెవరు మాట్లాడతారు?" అన్నాడు జిల్లా నుంచి వచ్చిన అధికారి.

ఎవరూ కదల్లేదు. పెద్ద చెప్పాక ఇంకొకరు నోరు విప్పితే ఆయన మాట చాల్లేదన్నట్టే. పాలెంలో అంతకు మించిన అవమానం లేదు.

"అయితే ఒక అభ్యంతరం," అని రాసుకున్నాడు అధికారి. "నిన్న రేపల్లెలో ఒక్క వీధి నుంచే సంచి నిండా వచ్చాయండి. మీరేంటి, ఇంతమంది వచ్చి ఒక్కటే ఇస్తారు?"

నా పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడ గొణిగింది. "ఒకే మాట మీదుంటే తక్కువా మాస్టారూ?"

"ఇక్కడ మాటలు లెక్కపెట్టరమ్మా, నోళ్ళు లెక్కపెడతారు."

అది పెద్దాయన చెవిన పడింది. కండువా దులుపుకుని, "నేను బయటుంటానర్రా. మీరు చెప్పుకోండి," అని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఎదుట ఆయన లేకపోతే అవమానమూ లేదు.

ముందు ఆవిడే లేచింది. "రోడ్డుకి ఇవతల మా ఇల్లు, అవతల మా అమ్మోళ్ళిల్లు అయ్యగారూ. కూర గిన్నె రోజూ అటూ ఇటూ తిరుగుద్ది. ఓటుకేం రోగం?"

అందరూ నవ్వారు. ఆ తర్వాత లేచినవాళ్ళంతా పెద్దాయన వాక్యాన్నే అప్పజెప్పారు. అధికారి రాసి రాసి వేళ్ళు విరుచుకున్నాడు.

నేను వరండాలోకి వెళ్ళాను. పెద్దాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎవరన్నా అడ్డం చెప్పారా మాస్టారూ?"

"లేదు బాబాయ్. అందరూ మీ మాటే చెబుతున్నారు."

"మరి నేనెందుకు బయట?"

టీ తాగుదాం రమ్మన్నాను.

తుది పటం వచ్చింది. గీత రోడ్డు మీదే ఉంది. అన్ని అభ్యంతరాలకూ కలిపి ఒకే జవాబు: "పరిశీలించడమైనది."

ఆ మధ్య పెద్దాయన ఫోన్ చేశాడు. "రోడ్డవతలోళ్ళు, ఓటెవరికెయ్యాలో ఇంక నన్నడగాలా, ఆ రైతుల ఊరోళ్ళనడగాలా అంటున్నారు మాస్టారూ. ఏం చెప్పమంటారు?"

ఆలోచించి చెబుతానన్నాను. ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.