పంటి డాక్టరు గదిలో పోచమ్మ

ఆ రోజుల్లో మా సిద్దిపేటలో పన్ను నొస్తే లవంగం పెట్టుకుని ఓర్చుకోవాలి, ఓర్వలేకపోతే పీకించుకోవాలి. పన్నును ఉంచి దాని వేరు లోపల కడుగుతారంటే జనం నవ్వేవాళ్ళు. పట్నం నుంచి ఒక పంటి డాక్టరు వచ్చి బజారులో గది కిరాయికి తీసుకున్నాక, ఆ కడిగించుకునే భాగ్యం ముందుగా నాకే దక్కింది. నేనప్పుడు బడిలో ఏడో జమాతు చదువుతున్నాను. ముందరి పన్ను పుచ్చింది (బెల్లం డబ్బా ఎవరు ఖాళీ చేశారన్నది ఇక్కడ అప్రస్తుతం). నాకు మాత్రం పన్నుకంటే పెద్ద దిగులు ఇంకోటి ఉండేది. "ఆడపిల్లకు గీ సదువు చాలు, వచ్చే నెల సంది బడి బంద్" అని బాపు తేల్చేశాడు. అమ్మ ఎదురు చెప్పదు. బాపును కన్నతల్లి, మా బాపమ్మ కూడా తమలపాకు నములుతూ ఊరుకుంది. నేను పన్ను పేరు చెప్పి బడి కోసం ఏడ్చేదాన్ని.

డాక్టరు దగ్గరికి బాపమ్మే తీసుకెళ్ళింది. ఆయన పన్నుకు చిల్లు చేసి, సన్నని పిచికారీతో ఒక మందు పోశాడు. బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు వాసన! దాని వెంటే ఇంకో మందు పోశాడు. రెండూ కలిస్తే పొంగి, వేరులోని కుళ్ళును బయటికి తోస్తాయట (ఆ సంగతి మాకు ముందే చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు). బుస్సున నురుగు లేచి పెదాల మీదుగా గడ్డం దాకా కారింది. ఆ చేదుకు నేను కళ్ళు తేలేసి, కుర్చీతో సహా ఊగిపోయాను.

బాపమ్మ కొంగు నడుముకు చుట్టి చేతులు జోడించింది. "ఎవరు తల్లీ నువ్వు? పోచమ్మవా, ఎల్లమ్మవా?"

"అమ్మా, అది మందు..." అన్నాడు డాక్టరు.

"జర ఆగు బిడ్డా, తల్లి వచ్చింది" అంటూ బాపమ్మ చెంబెడు నీళ్ళు నా పాదాల మీద పోసింది (పాపం, అవి పుక్కిలించడానికి పెట్టినవి). "తల్లీ, నా కొడుకు పోరిని బడి మాన్పిస్తనంటుండు. నీకు సమ్మతమేనా?"

నోటి నిండా నురుగు, మాట రాదు. తల మాత్రం నా వశంలోనే ఉంది. మెడ విరిగిపోతుందేమో అన్నంతగా అడ్డంగా ఊపాను.

డాక్టరుకు ప్రాణం ఒప్పలేదు. రెండు మందులూ ఒక గిన్నెలో పోసి చూపించాడు. గిన్నె కూడా బుస్సుమంది. "చూడుండ్రి అమ్మా, గీ గిన్నెకు గూడ పోచమ్మ వచ్చిందా?" అన్నాడు. బాపమ్మ గిన్నెలోకి చాలాసేపు చూసింది. నా చదువు ఆ గిన్నెలో మునిగిపోయిందనే అనుకున్నాను.

ఇంటికి వచ్చాక బాపును పిలిచి ఒకటే మాట అంది. "దీని మీదికి పోచమ్మ తల్లి వచ్చి, బడి మాన్పొద్దన్నదిరా. పోరిని బడికి తోలు."

బాపు నా మొహం చూశాడు. పోచమ్మ తల్లి మాట కాదంటే తన దుకాణం ఏమవుతుందోనని భయపడ్డాడో ఏమో, టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. బడి ఆగలేదు.

మెట్రిక్ పాసైన రోజు బాపమ్మ చేతిలో మిఠాయి పెట్టి అడిగాను. "బాపమ్మా, గిన్నె పొంగుడు నీ కండ్లతోనె చూస్తివి గద. నిజంగ తల్లే వచ్చిందనుకున్నవా?"

"నురుగు మందుదే బిడ్డా, నాకు కండ్లు కనవడవా? నువ్వు వద్దంటే నీ బాపు వినడు, నేను వద్దన్నా వినడు. తల్లి వద్దంటే వింటడు. గందుకే తల్లిని అడిగిన" అంది మిఠాయి చప్పరిస్తూ.

తానే తెలివిగా తల ఊపి బడిని గెలుచుకున్నానని అన్నేళ్ళు మురిసిపోయిన నాలోని ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బాపమ్మను తలుచుకుంటే మాత్రం కళ్ళు తడుస్తాయి.