నేతగాళ్ల వీధికి కాలువ తెచ్చిన కమిషనరు

ఈ ఉదయం కిటికీ తెరవగానే తడిసిన నల్లరేగడి వాసన గుప్పుమంది. ఆ వాసనతో హుసేన్ సాహెబ్ గారు గుర్తుకొచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆయన ప్రొద్దుటూరులో మునిసిపల్ కమిషనరు. నేను ఆయన కింద అప్పుడే చేరిన ఓవర్సీయరును.

నూనె మిల్లు నారాయణప్ప ఊరి అంచున మెరకలో ఉన్న తన పత్తిచేనును ఇళ్ల స్థలాలుగా విడగొట్టి అమ్మాలనుకున్నాడు. ప్లాను ఆమోదం కోరితే నేను వెళ్లి వాలు కొలిచాను. అక్కడ ఇళ్లు లేస్తే ఇన్నాళ్లూ చేలో ఇంకిన వాననీరంతా దిగువన ఉన్న నేతగాళ్ల వీధి మీద పడుతుంది. వాళ్లవన్నీ గుంతమగ్గాలు. ఇంటి నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి నేస్తారు. నీళ్లు నిండితే పనీ పోతుంది, మగ్గం మీది బట్టా పోతుంది. కాలువకయ్యే ఖర్చును అభివృద్ధి రుసుముగా కట్టాకే ప్లాను మీద సంతకం పెడతానని సాహెబ్ గారు తేల్చి చెప్పారు.

నారాయణప్ప ఆఫీసుకే వచ్చాడు. "నా చేను నేను అమ్ముకుంటాండా. ఆ వీధికి కాలువ నేను యాల తవ్వించల్ల?" అన్నాడు. అతనికి పైన పలుకుబడి ఉంది. సాహెబ్ గారిని బదిలీ చేయిస్తాడేమోనని భయపడ్డాను. సాహెబ్ గారు వాదించలేదు. మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆ వీధికి నడిచారు. లక్ష్మమ్మ అనే ఆవిడ చీర నేస్తోంది. ఆమెను కాసేపు లేవమని, నారాయణప్పను ఆ గుంతలో కూర్చోమన్నారు. అతడు ఇబ్బంది పడుతూనే కాళ్లు దించాడు.

"నీ ప్లాట్ల నీళ్లు వచ్చేది ఈడికేప్పా. అప్పుడు ఈమె కాళ్లు యాడ పెట్టుకోవల్ల?" అని అడిగారు సాహెబ్ గారు.

నారాయణప్ప గుంతలోంచి కాళ్లు తీసుకుని లేచాడు. బయటికి వచ్చి వీధి పొడుగునా మగ్గాల చప్పుడు వింటూ నిలబడ్డాడు. "కడతా సార్. ఆ దుడ్లు ఇంకోదానికి వాడితే?" అన్నాడు చివరికి.

"ఈ కాలువకు తప్ప పైసా కదిలినా వచ్చి నన్ను నిలదీయప్పా."

అతడు కట్టాడు. ఆఫీసు కప్పు కారుతున్నా సాహెబ్ గారు ఆ సొమ్మును ముట్టనివ్వలేదు. కడపబండలతో కాలువను నేను దగ్గరుండి కట్టించాను. ఇళ్లు లేచాక వచ్చిన మొదటి పెద్దవానలో ముగ్గురమూ తడుస్తూ అక్కడే ఉన్నాం. బురదనీరు కాలువ నిండా ఉరుకుతూ పోయి వంకలో కలిసింది. ఒక్క మగ్గమూ ఆగలేదు. లక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చి, కాలువనూ మమ్మల్నీ చూసి నవ్వింది. నారాయణప్ప మీసం దువ్వుకుంటూ "మన కాలువ శానా బాగుంది సార్" అన్నాడు. ఆ 'మన' అన్న మాటకు సాహెబ్ గారు వానలోనే పకపకా నవ్వారు.

తర్వాత జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ పనిచేశాను. కొత్త ప్లాను తెచ్చిన ప్రతివాణ్నీ ముందు దిగువ వీధికి నడిపించాను. నన్ను తిట్టుకున్నవాళ్లున్నారు గానీ కాలువకు రుసుము కట్టకుండా తప్పించుకున్నవాడు లేడు. ఉద్యోగం వదిలి ఏళ్లయినా, ఎక్కడ పునాది తీస్తున్నా నా చూపు ముందుగా పల్లానికే పోతుంది.