గరికకు నీళ్లు పోసే దేశం

గుండె నిబ్బరం లేనివాళ్లు ముందు ఇన్ని మంచినీళ్లు తాగి కూర్చోండి. ఎవరూ కాదనకముందే, ఎవరూ అడగకముందే, ఒక్క పూటలో ఒక పెద్దమనిషి పరువును వేర్లతో సహా పెకిలించిన ఘనుడి కథ ఇది. ఆ ఘనుణ్ణి నేనే.

ఎనభైల మొదట్లో, హుస్నాబాద్ దగ్గర మా బావి ఎండిపోతే, గల్ఫు బాట పట్టాను. "తోటపని" అన్నాడు ఏజెంటు. బడి గడప తొక్కకుండా పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చినవాణ్ణి, ఎరువు సంచుల మీద రాతలన్నీ నోటికి వచ్చినవాణ్ణి. సేద్యంలో నాకు తెలియనిదొకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పినా విననని మా ఊరందరికీ తెలుసు.

అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. మొదటి పది రోజులూ ఇంటిముందు రాళ్లు మోయించి, పదకొండో రోజు పెరట్లోని తోట అప్పగించాడు. చూసి కడుపు మండిపోయింది. ఒక్క వంకాయ లేదు, ఒక్క మిరపచెట్టు లేదు. గోడ వెంట నాలుగు పూలమొక్కలు, మధ్యలో మూడు గుంటల నేల నిండా గరిక! మా తాత పీకాడు, మా బాపు పీకాడు, నేను పీకాను. మా మూడు తరాల నడుములు విరిచి, మళ్లీ నవ్వుతూ మొలిచిన ఆ గరికే, సముద్రం దాటి నాకంటే ముందే వచ్చి కూర్చుంది. పాతపనివాడు సోమరిపోతై ఉంటాడు, అందుకే వెళ్లగొట్టి ఉంటారు అనుకున్నాను. ఇంతకన్నా ఏమనుకోమంటారు, మీరే చెప్పండి!

వంటమనిషి గంగన్నది ఖానాపూర్. రెండేళ్ల ముందే వచ్చి అరబ్బీ నేర్చినవాడు. ఆ పొద్దునే అర్బాబ్‌తో కలిసి బజారుకు పోతూ కారులోంచి అరిచాడు.

"మల్లన్నా! అర్బాబ్ బిడ్డను చూసుకునేటందుకు గీ సాయంత్రం పెద్దోళ్లొస్తున్రు. గీ తోటల్నే కూసుంటరట. జర మంచిగ జెయ్యి!"

"ఫికర్ జెయ్యకు. రైతు చేతుల వడ్డది గద, ఎట్లుంటదో చూస్తవ్!"

చూశాడు, పాపం.

పార అందుకున్నాను. ఎండ నెత్తిన నిప్పులు కురిపిస్తున్నా ఆగలేదు. ఒక్క వేరు మిగల్చలేదు. మట్టి దులిపి, కుప్పపెట్టి, దుక్కి దున్నిన చెలకలా నేలను చదును చేసి, మీసం దువ్వుకుంటూ నిలబడ్డాను. అర్బాబ్ చూస్తే మా ఊరి నుంచి ఇంకో పదిమందిని పిలిపించుకుంటాడని నా లెక్క.

అర్బాబ్ ఇంకా బజారులోనే ఉండగా, గంగన్న ముందుగా నడిచి వచ్చాడు. చేతిలో కూరగాయల సంచి కిందపడింది.

"గిదేందే? తోట ఏది?"

"కలుపు దీసిన."

"కలుపా? ఓరి నీ! గది కలుపు గాదే, గదే పంట! పైసలు వెట్టి, ఓడల తెప్పిచ్చి పెంచుతుండు!"

"గరికనా?"

"గరికనే!"

"తినరు, పసులకెయ్యరు, ఎందుకే మరి?"

"చూసుకునేటందుకు!"

నా పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలో ఉంది. ఊరంతా కలిసి మెడలో వేసి బస్సెక్కించిన దండల వాసన ఇంకా చొక్కాకే ఉంది. 'క్షేమంగా చేరితిని, అర్బాబ్ దేవుడు' అని నా భార్య రాజవ్వకు రాసిన ఉత్తరం ఇంకా దారిలోనే ఉంది.

"గంగన్నా, నన్ను ఎల్లగొడ్తడా?"

"ఉత్తరం కంటె నువ్వే ముందుగాల చేరుతవ్ తియ్యి. తలుపు కొట్టి, ఉత్తరం నువ్వే చదివి చెప్పు."

అని, వాడే జాలిపడి పంచె ఎగ్గట్టాడు. ఇద్దరం వంగి, కుప్పలోంచి పిడికెడు పిడికెడు తీసి వరినాట్లు వేసినట్టు గరిక నాటడం మొదలుపెట్టాం. మా ఊళ్లో నాట్లు ఆడవాళ్లు వేస్తారు. ఆ పని ఎంత కష్టమో ఆరోజే తెలిసింది. మా చెలకలో కాల్చినా చావని గరిక, ఆ కుప్పలో ఒక్క పూటకే సొమ్మసిల్లి తలలు వేలాడేసింది. ద్రోహి!

రెండు సాళ్లు పూర్తి కాకముందే కారు హారన్ మోగింది.

అర్బాబ్ వచ్చాడు. నేలను చూశాడు. కుప్పను చూశాడు. నన్ను చూశాడు. "కిస్నే కియా?" అని, ఎవరు చేశారో హిందీలో అడిగాడు, చాలా మెల్లగా. అరిస్తే బాగుండేది. నేను చెయ్యెత్తాను, పిల్లాడు బడిలో ఎత్తినట్టు. ఆయన లోపలికి పోయాడు.

"బీరువ దగ్గరికే వోతుండు," అన్నాడు గంగన్న.

"ఎట్ల తెలుసు?"

"తాళాల సప్పుడయితుంది."

నాకు మా ఊరి బస్‌స్టాండు కనబడింది. అందులో దిగుతున్న నేను కనబడ్డాను. "ఏందిరో, గప్పుడే వస్తివి?" అని ముక్కుమీద వేలేసుకుంటున్న ఊరంతా కనబడింది.

తలుపు తెరుచుకుంది. అర్బాబ్ భుజం మీద పెద్ద తివాచీ! వెనకాల డ్రైవరు నెత్తిన ఇంకోటి. ఇంట్లోవన్నీ మోసుకొచ్చి పరిచారు, పరిచారు, మూడు గుంటల్లో మట్టి కనబడకుండా పరిచారు. చుట్టాలొచ్చి తివాచీల మీద కూర్చుని, తిని, తాగి, సంబంధం ఖాయం చేసుకుని పోయారు. కింద గరిక ఉందా లేదా అని ఒక్కడూ ఎత్తి చూడలేదు!

పొద్దున అర్బాబ్ తీర్పు చెప్పాడు. గంగన్న తెలుగు చేశాడు: "పీకింది నువ్వే గదా, పెంచేది గూడ నువ్వేనట. తోటంత మల్ల పచ్చగయ్యేదాక ఇంటికి తోలడట."

చూశారా! పంపేస్తాడని ఏడ్చినవాణ్ణి, పంపడేమోనని ఏడ్వడం మొదలుపెట్టాను. రెండేళ్లు మోకాళ్ల మీద కూర్చుని గరికకు నీళ్లు పోశాను, ఎరువు వేశాను, కత్తెరతో క్షవరం చేశాను. ఇంటికి మాత్రం 'పెద్ద తోటకు ఇంచార్జిని' అని రాశాను.

సెలవు మీద వచ్చిన మర్నాడు, చెలకలో రాజవ్వ కలుపు తీస్తోంది. "మెల్లగ, మెల్లగ! వేర్లు తెగుతయ్!" అని నోరుజారాను. ఆమె నడుము నిలబెట్టి చూసింది. ఇక దాచలేక అంతా చెప్పేశాను.

రాజవ్వ నవ్వలేదు. గట్టుమీది కలుపు కుప్ప చూపించింది.

"గరిక గావాల్నని ఒక్క ముక్క రాయకపోతివి? ఏటేటా బండ్ల కొద్ది పారేస్తిమి. గా దేశానికి నేనే పంపుదు గద. నువ్వు పోయేటిదే లేకుండె!"

అప్పటినుంచి ఒట్టు పెట్టుకున్నాను, మీరందరూ సాక్షి: పరాయి నేల మీద మొలిచిన ఏ పోచనైనా సరే, దాని హోదా, అంతస్తు, యజమానికి దానితో ఉన్న బంధుత్వం విచారించకుండా ఇక ముట్టను. మా చెలకలోని గరికకు మాత్రం ఈ ఒట్టు వర్తించదు. దాన్ని రాజవ్వే పీకుతుంది, నన్ను చూసుకుంటూ.