ఆరు పేటల తాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే మా పెదనాన్న కూతురికే గారాబం ఎక్కువని నా గట్టి నమ్మకం. నందిగామ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటూ చదువుకునేది. నాకంటే రెండేళ్లు పెద్ద. జడ వేసుకోవడం దగ్గర్నుంచి ఎక్కాల దాకా అన్నిటా నాకంటే మెరుగు. అది చాలదన్నట్టు మా నాన్నని కూడా తన వైపు తిప్పేసుకుందని నా ఏడుపు.

నాన్న జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో క్రేన్ నడిపేవాడు. ఒక ఆదివారం క్రేన్‌తో బరువులెత్తే ఇనుప తాడు ముక్క మూరెడు తెచ్చి మా ఇద్దరికీ ఏదో వివరించసాగాడు. నేను మాత్రం ఆయన చెయ్యి అక్క భుజం మీద ఎంతసేపు ఉందో లెక్కపెడుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి నావైపు తిరిగి, దీనికి ఎన్ని పేటలో చెప్పమన్నాడు. మా చుట్టుపక్కల పేట అంటే ఒకటే.

"ఒక్కటే నాన్నా, జగ్గయ్యపేట!" అన్నాను.

నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క అంతకంటే ఎక్కువ నవ్వి, సన్న తీగలు మెలేస్తే ఒక పేటనీ, అలాంటి ఆరు పేటలు మెలేస్తే ఈ తాడనీ గడగడా అప్పజెప్పింది. నాన్న మురిసిపోయి ఆ ముక్క అక్కకే ఇచ్చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం అక్క నిద్రపోగానే, తాడు కొసకి కట్టిన తీగ విప్పేశాను. పేటలు విడిపోయాయి. నడుమ గ్రీజు పట్టిన నార ఒకటి కనబడింది. దాన్ని లాగి చెత్తలో పారేసి, పేటలన్నీ మళ్లీ చుట్టి ఎప్పట్లా కట్టేశాను. చూస్తే ఎవరికీ తెలియదనుకున్నాను.

సాయంత్రం నాన్న ఆ తాడుని బావి గిలక మీద వంచి చూపించబోయాడు. అది కరకరమంటూ చదునుగా అణిగిపోయింది. నాన్న మొహంలో నవ్వు పోయింది.

"లోపలి నారే పేటల్ని ఎడంగా ఉంచి వాటికి నూనె పట్టిస్తుందమ్మా. అది లేకపోతే ఇనుం ఇనుమునే తినేస్తుంది. ఇట్టాంటి తాడు కిందే మావాళ్లు పనిచేసేది. ఎవరు తీశారు?"

గ్రీజు మరకలు వదలని చేతుల్ని నేను వెనక్కి పెట్టుకున్నాను.

"నేనే బాబాయ్, లోపల ఏముందో చూద్దామని," అంది అక్క.

నాన్న శుభ్రంగా ఉన్న అక్క చేతులకేసి చూశాడు. ఇంకేమీ అడగలేదు. కిరసనాయిల్లో తడిపిన గుడ్డ తెచ్చి, వీపు వెనక దాచుకున్న నా చేతుల్ని ముందుకు లాగి, ఒక్కొక్క వేలే తుడిచాడు. ఎంత మెల్లగా తుడిచాడంటే, కొట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ క్షణంలో కూడా అక్కే మంచిదైపోయిందని నాకు కుళ్లే.

అబద్ధమెందుకు, అక్కని ఎవరైనా మెచ్చుకుంటే ఈ వయసులోనూ నాకు కడుపు మండుతుంది. అప్పుడు మాత్రం ఎవరూ చూడకుండా ఒకసారి నా వేళ్లు చూసుకుంటాను.