ఎర్రబడిన మొదటి లైను

మా ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లు నాలుగు, దేవుడి పటాలు తొమ్మిది. వీటిలో ఏవి పెరిగితే చదువు వస్తుందన్న విషయంలో యజమానికి అనుమానం లేదు. నేను పనిచేసిన కాలంలో పెరిగినవి పటాలే.

నిజామాబాద్ బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం మీది మేడ అది. కొత్త శతాబ్దం అప్పుడే మొదలై, ప్రతి సందులో కంప్యూటర్ బోర్డు వేలాడుతున్న రోజులు. నేను పొద్దున్నే బోధన్‌లో బస్సెక్కి, చెరుకు ట్రాక్టర్ల వెనక నిదానంగా వచ్చి, ప్రోగ్రాములు రాయడం నేర్పేవాణ్ణి. ‘సార్’ అన్న పిలుపును యజమాని తనకొక్కడికే ఉంచుకున్నాడు. కాబట్టి నేర్చుకునేవాళ్లందరికీ నేను ‘అన్న’ను.

బోధన్‌లో నా హోదా వేరు. ఆదివారం చర్చాసభల్లో మూఢనమ్మకాల మీద నేను లేచానంటే ఎదుటివాడు కూర్చోవలసిందే. వాదించి కూర్చోబెట్టింది తక్కువ, ఎగతాళి చేసి కూర్చోబెట్టింది ఎక్కువ. హాలు నవ్వితే గెలిచినట్టే అనుకునేవాణ్ణి.

యజమాని నియమం ఒకటుండేది. ఏ ప్రోగ్రామైనా మొదటి లైనులో ఇంగ్లిషు అక్షరాలతో ‘శ్రీ గణేశాయ నమః’ అని కొట్టాలి. నోటుపుస్తకం మొదటి పేజీ మీద రాసుకుంటాం గదా, ఇదీ అంతే అని ఆయన లెక్క. మేము ప్రోగ్రాములు రాసే ఎడిటర్‌కు ఆ లెక్క తెలియదు. దానికో మంచి గుణం ఉంది. ఒక లైను కొట్టి కిందికి దిగగానే, రాసింది ఆ భాష వ్యాకరణానికి కుదిరిందో లేదో తనంతట తానే చూసుకుంటుంది. కుదరకపోతే టంగుమని మోగి, చిన్న పెట్టె తెరిచి, తప్పేమిటో చెప్పి, లైను మొత్తాన్ని ఎర్రగా మారుస్తుంది. మా మొదటి లైనులో రెండు మాటల దాకా అది ఓర్చుకునేది. మూడో మాట రాగానే, వాక్యం ఇక్కడ ముగియాలి గదా అని అడ్డుపడేది. చర్చికి వెళ్లే విద్యార్థి ఒకాయన తన దేవుణ్ణి ఇంగ్లిషులో మూడు మాటలతో స్తుతించి చూశాడు. అదీ ఎర్రబడింది. ఊళ్లో అంత నిష్పక్షపాతంగా ఉన్నది నాకు తెలిసి ఆ ఎడిటర్ ఒక్కటే.

రోజూ ఆ మోత విని విని ఒకనాడు యజమాని తన గదిలోంచి బయటికి వచ్చాడు.

“ఏం తమ్మీ, దేవుని పేరు రాస్తే గా మిషిన్ తప్పంటదా?”

“దానికి దేవుడు తెల్వదు సార్, వ్యాకరణమే తెలుసు.”

“వైరస్ వచ్చిందేమో సూడు.”

వైరస్ కాదని చెప్పి, ఆ లైనుకు ముందు ఒక చిన్న కొమ్ములాంటి గుర్తు పెట్టి చూపించాను. ఆ గుర్తు ఉంటే తర్వాతి మాటలు మనుషుల కోసం రాసుకున్నవని ఎడిటర్ వదిలేస్తుంది. పెట్టగానే ఎర్రలైను ఆకుపచ్చగా మారింది.

“అంటే మిషిన్ సదవదా?”

“సదవదు సార్.”

“మిషిన్ సదవకుంటే ఇంక ఫాయిద ఏంది? తీసెయ్ గా కొమ్ము. గా డబ్బ రాకుంట బంద్ చెయ్.”

బంద్ చెయ్యవచ్చు. తప్పుల్ని తనంతట తాను చూడమని ఎడిటర్‌కు చెప్పే టిక్కు ఒకటి సెట్టింగుల్లో ఉంటుంది. అది తీసేస్తే మోత ఉండదు, పెట్టె రాదు. తప్పు లైను ఎర్రబడడం మాత్రం ఆగదు. నాలుగు కంప్యూటర్లలోనూ ఆ టిక్కు తీసేశాను. తప్పు చెప్పే నోరు మూయించాడని యజమానిని బోధన్ దాకా బస్సులో తిట్టుకుంటూ పోయాను. మూసిన చెయ్యి ఎవరిదో ఆ దారిలో నాకు గుర్తు రాలేదు.

ఆ తర్వాత చేరింది ఒకావిడ. నా ఈడు మనిషే. పొద్దున పూటంతా ఇంట్లో బీడీలు చుట్టి, మధ్యాహ్నం క్లాసుకు వచ్చేది. దగ్గేది. తంబాకు దగ్గర కూర్చోవడం మానకపోతే ఊపిరితిత్తులు పోతాయని డాక్టరు చెప్పాడట. మానాలంటే ఇంకో పని దొరకాలి. పసుపు మార్కెట్ యార్డు దగ్గరి గోదాము ఒకటి కంప్యూటర్ పనికి ఒక మనిషిని తీసుకుంటామనీ, నెల తర్వాత మా ఇన్‌స్టిట్యూట్‌లోనే పరీక్ష పెడతామనీ చెప్పింది. ఆమె చేరింది ఆ పరీక్ష కోసమే.

మొదటి వారంలోనే అడిగింది.

“అన్నా, మొదటి లైను ఎర్రగెందుకైతది?”

నేను సభలో లేచినట్టే గొంతు సవరించుకున్నాను.

“కుంకుమ అక్కా. మన భక్తికి మెచ్చి కంప్యూటర్ బొట్టు పెట్టింది. ఎర్రగుంటే మంచిది, ముట్టుకోకు.”

క్లాసు గొల్లుమంది. ఆమె తలూపి పుస్తకంలో రాసుకుంది. రాసుకోవడం చూశాను. జోకు బాగుందని రాసుకుంటోంది అనుకున్నాను.

అది నిజం కాదని తెలిసే అవకాశం ఆమెకు రాలేదు. నేర్చుకునేవాళ్లు ప్రోగ్రాము నడిపితే మిషిన్ చెడిపోతుందని యజమాని భయం. అందుకని నడిపి చూసే పని నాదే. నేను పోయి మొదటి లైను తీసేసి, ఇంకెక్కడైనా ఎర్రగా కనబడితే గబగబా దిద్ది, నడిపి, పక్క మనిషి దగ్గరికి పోయేవాణ్ణి. ఏం దిద్దానో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. దాన్నే నేను చదువు చెప్పడం అనేవాణ్ణి.

పరీక్షకు గోదాము తరఫున హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. రాయడానికి కూర్చున్నది ఇద్దరు, మా దగ్గర నేర్చుకున్న ఆవిడా, ఇంకోచోట నేర్చుకున్న ఒక యువకుడూ. బస్తా బరువు తక్కువైతే వేరుగా చూపించే చిన్న ప్రోగ్రాము రాయాలి. రాశాక ఆయనే నడిపి చూస్తాడు.

యజమాని వెనకే నిలబడ్డాడు. ఆమె మొదటి లైను శ్రద్ధగా కొట్టింది. ఎర్రబడింది. కొంత రాశాక, బరువు తక్కువైతే అనే లైను చివర ఉండవలసిన ఒక మాట మరిచిపోయింది. అదీ ఎర్రబడింది. మోత లేదు, పెట్టె లేదు. ఆమె ఆ లైనును చూడడం నాకు బాగా గుర్తు. కాస్త సంతోషంగా చూసింది.

వచ్చినాయన నడిపితే మొదటి లైను దగ్గరే ఆగింది. నవ్వి దాన్ని తీసేసి మళ్లీ నడిపాడు. బరువు లైను దగ్గర ఆగింది.

“ఏంటమ్మా ఇది? ఎర్రగా కనిపిస్తూనే ఉంది, దిద్దుకోలేదేం?”

“ఎర్రగుంటే మంచిదన్నరు సార్.”

“ఎవరన్నారు?”

ఆమె నా వైపు ఒకసారి చూసింది. “పుస్తకంల రాసుకున్న సార్,” అంది.

యజమాని పగలబడి నవ్వాడు. “గిట్లనే ఉంటరు సార్ మా దిక్కు. మూఢనమ్మకాలు జర ఎక్కువ.”

తొమ్మిది పటాల కింద నిలబడి అన్నాడు ఆ మాట. బోధన్‌లో ఎందరినో కూర్చోబెట్టిన నేను, ఆ కుంకుమ మాట నాదేనని ఒప్పుకోకుండా, ఆ గోడకే ఆనుకుని నిలబడ్డాను. ఉద్యోగం ఆ యువకుడికి ఇచ్చారు.

ఆమె మెట్లు దిగుతుంటే వెనకే పోయాను.

“అక్కా, నేను ఎక్కిరిచ్చిన. నిన్ను గాదు, సార్‌ని.”

“సార్‌ని ఎక్కిరిస్తే సార్ ముంగట ఎక్కిరియ్యాలె గదన్నా. నాకెందుకు చెప్పినవ్?”

సభలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నాలుగు కంప్యూటర్లలో టిక్కు తిరిగి పెట్టాను. మొదటి బ్యాచి కూర్చోగానే ఒకదాని వెనక ఒకటి టంగుమన్నాయి. యజమాని పరుగున వచ్చాడు.

“ఎవడు పెట్టిండు?”

“నేనే సార్.”

“తీసెయ్.”

“తియ్య.”

సాయంత్రం దాకా ఉండి పొమ్మన్నాడు, రేపటి నుంచి రావద్దన్నాడు.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. నిన్నటి లైను నిన్నటిలాగే కొట్టమన్నాను. టంగుమంది, పెట్టె వచ్చింది. అందులోని ఇంగ్లిషు మాటలు కూడబలుక్కుని చదివి, నిన్న మరిచిన మాట చేర్చింది. ఎరుపు పోయి లైను మామూలుగా నల్లబడింది. ఆమె నా ముఖం చూసింది.

“ఇది నిజమేనా, ఎక్కిరిచ్చుడా?”

“నిజమే అక్కా.”

సంచీలోంచి నోటుపుస్తకం తీసి ఆ పేజీ నా ముందు తెరిచింది. ‘ఎర్రగుంటే మంచిది, ముట్టుకోవద్దు’ అని ముద్దుగా, గుండ్రంగా రాసి ఉంది.

“కొట్టెయ్ అన్నా,” అంది పెన్ను ఇస్తూ. “నువ్ చెప్పిందే గద.”

కొట్టేశాను.