మందు లేని సూది

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడే సందులో సీతామహాలక్ష్మి కర్రీ పాయింట్ ఉంది. తణుకు నుంచి భర్త బుచ్చిబాబుతో వచ్చి పెట్టుకున్న కొట్టు. ఆమెకు వంట ఎవరూ నేర్పలేదు. మాడ్చుకుని, పారబోసుకుని తానే నేర్చుకుంది. వండుతూ రుచి చూసే అలవాటు లేదు. దేవుడికి పెట్టకముందు నాలిక మీద వేసుకోకూడదని పుట్టింటి పట్టింపు. ఆ పట్టింపు వల్లే ముక్కు పదునెక్కింది. గుమ్మంలో నిలబడే, ఉడుకుతున్న గోంగూర పప్పులో ఉప్పు తగ్గిందని ఆవిరిని బట్టి చెప్పేసేది.

రొమ్ములో గడ్డ తీశాక, మిగిలి ఉన్నదేమైనా ఉంటే అదీ పోవాలని పంజాగుట్టలోని ఆసుపత్రిలో కీమో మొదలుపెట్టారు. మొదటిసారి పళ్ళ బిగువున ఓర్చుకుంది. రెండోసారి తర్వాత ఆ ముక్కే ఆమె మీద పగబట్టింది. ఇంగువ డబ్బా మూత తీస్తే వాంతి. బుచ్చిబాబు చొక్కాకంటిన పోపు వాసనకి వాంతి. చివరికి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు.

"ఇంక నేను వెళ్ళనండీ. గడ్డ తీసేశారుగా" అంది ఒకరోజు గోడకి చేరగిలబడి.

"మధ్యలో మానకూడదని డాక్టరు గారు చెప్పారు కదే."

"ఆయనకేం, చెబుతారు. కక్కేది నేను."

 వాంతులకి సూదులతో వైద్యం చేసే చోటు ఒకటుందని కీమో వార్డు నర్సు చెప్పడం బుచ్చిబాబుకి గుర్తుంది. డాక్టరు గారిని అడిగితే, చేయించుకోవచ్చు, రక్తం రిపోర్టు మాత్రం వాళ్ళకి చూపించండి అన్నారు. మర్నాడు భార్యని స్కూటర్ మీద ఎక్కించుకుని ఎర్రమంజిల్ వెనక వీధిలోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ జువేరియా ఆక్యుపంక్చర్ చేస్తుంది. ప్రకృతి వైద్యం చదివి, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ వైద్యంలో పండినవాళ్ళ దగ్గర పని నేర్చుకుంది.

సీతామహాలక్ష్మికి మాటలు చెప్పే మనుషులంటే గురి లేదు. పని చేసేవాళ్ళ చేతుల్ని చూస్తుంది. జువేరియా ముందు చేతులు కడుక్కుంది. రిపోర్టు తీసుకుని ప్లేట్లెట్ల అంకె దగ్గర వేలుంచి, నిదానంగా చదివింది. అప్పటిదాకా సూదుల పెట్టె వంక చూడనైనా చూడలేదు.

"ఆపరేషన్ ఏ దిక్కు అయింది అక్కా?"

"ఎడమవైపమ్మా."

"అయితే ఆ చేయి నేను ముట్ట. చంకల గ్రంథులు తీసిన్రు కదా, వాపు వస్తే కష్టం. కుడి చేయి ఇయ్యి."

ముంజేతి మడతకి కాస్త పైన, లోపలివైపు, తీగల్లా తేలే రెండు కండరాల తాళ్ళ నడుమ వేలితో నొక్కి చూసింది. కొత్త పొట్లం చింపి వెంట్రుకంత సూది తీసింది.

"ఇందులో ఏం మందుందమ్మా?"

"మందేం లేదు. ఉత్త సూదే."

"మందు లేకుండా ఏం పనిచేస్తుంది?"

"గిక్కడ లోపల ఒక నరం పోతది అక్కా. సూది దాన్ని జర కదిలిస్తది. ఆ ఖబర్ వెన్నులకెళ్లి మెదడుకు పోతది. వాంతి పుట్టించే చోటు సుత ఆడనే ఉంది. గది కొంచెం శాంతమైతదని పరీక్షలు చేసినోళ్ళు అంటున్నరు. అదే నొప్పికైతే, మెదడు తన మందు తనే వదుల్తది. పాతకాలం చైనా వాళ్ళు ఇదంతా ప్రాణం పారే దారులని చెప్పిన్రు. నేను రెండూ చదివిన. సూది పెట్టేటప్పుడు మాత్రం నరం చూసుకుంటా."

సూది దిగినట్టే తెలియలేదు. కాసేపటికి అక్కడ బరువుగా, మొద్దుగా ఏదో నిండుతున్నట్టయింది.

"గడ్డ మళ్ళీ రాకుండా చేస్తుందా ఇది?" బుచ్చిబాబు ఆశగా అడిగాడు.

"చెయ్యదన్నా. ఎవరన్న చేస్తదంటే ఆడ కూసోకున్రి, లేచి రాన్రి. నడుం నొప్పి, మోకాలు, తలనొప్పి, గీ వాంతులు, వీటికి కొందరికి మంచి ఆసరా. అందరికీ కాదు."

చెయ్యదు అన్న మాట సీతామహాలక్ష్మికి నచ్చింది. ఏమీ ఎక్కువ చెప్పని మనిషి. మూడో కీమోకి ఒప్పుకుంది.

ఆ రోజు పొద్దున సూది పెట్టించుకుని అటునుంచే ఆసుపత్రికి వెళ్ళింది. కీమో ఎక్కించుకుని ఇంటికి వచ్చాక, వాంతులు రాకుండా డాక్టరు రాసిచ్చిన మాత్రల అట్టని తలగడ కింద దోపేసింది. భర్తకి చెప్పలేదు. ఆమె లెక్క ఆమెకుంది. కూరలో కొత్త దినుసు వేసినప్పుడు, దాని గుణం తేలాలంటే పాతవి ఆపి వండి చూడాలి. అన్నీ కలిపేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

తెల్లారేసరికి మంచం మీంచి లేవలేకపోయింది. ఇదివరకటి కంటే ఎక్కువ కక్కింది.

"చూశారుగా. ఆ సూదీ ఇంతే. ఇక నన్ను అడక్కండి" అంది.

బుచ్చిబాబు కొట్టు తాళం వేసి, జువేరియాకి ఫోన్ చేశాడు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న స్పీకర్‌లో ఇద్దరికీ వినబడింది.

"టాబ్లెట్లు టైముకి వేసుకుంటున్నవా అక్కా?"

సీతామహాలక్ష్మి గోడ వైపు తిరిగింది. తర్వాత తలగడ కింది అట్ట తీసి మంచం మీద పెట్టింది. ఒక్క మాత్ర కూడా తగ్గలేదు.

"ఏంటే ఇది?" అన్నాడు బుచ్చిబాబు.

"కొత్తది పడినప్పుడు పాతవి ఆపకపోతే దాని సంగతి ఎలా తెలుస్తుందండీ? మీకు వంట తెలీదు, ఊరుకోండి."

ఫోన్లోంచి నవ్వు వినబడింది. "అరె, మస్తు పరీక్ష పెట్టినవ్ అక్కా నాకు. కానీ గట్ల కాదు. సూది పనిచేసిందని తేల్చినోళ్ళు చానా మంది మాత్రకు తోడుగ సూది పెట్టి చూసిన్రు. మాత్ర తీసేసి కాదు. ఆపొద్దని నేను సుత గట్టిగ చెప్పకపోతిని. ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి, ఇప్పుడు ఏ మాత్ర వెయ్యాల్నో అడుగున్రి. నీళ్ళు కూడా నిలవకపోతే ఇంట్ల ఉండకున్రి, ఆసుపత్రికి పోన్రి."

సీతామహాలక్ష్మి మాత్రల అట్ట చేతిలోకి తీసుకుంది. "అంటే ఇది పోపు లాంటిదన్న మాట. పప్పు లేకుండా వట్టి పోపు తిందామని కూర్చున్నాను నేను."

"గంతే అక్కా."

డాక్టరు చెప్పిన మాత్ర పడ్డాక సాయంత్రానికి కొబ్బరినీళ్ళు నిలిచాయి. నాలుగో కీమో రోజు పొద్దున తనే అడిగి, భర్త స్కూటరెక్కి జువేరియా దగ్గరికి వెళ్ళింది. ఈసారి సూది తీశాక, అదే చోట ఒక మెంతిగింజ పెట్టి పైన ప్లాస్టర్ అతికించింది జువేరియా. కడుపులో తిప్పినప్పుడల్లా వేలితో ఎంత ఒత్తిడి పెట్టి నొక్కాలో చూపించి, సీతామహాలక్ష్మి చేత నొక్కించి, అది చాలదని మళ్ళీ నొక్కించింది. చేతికి పట్టుబడేదాకా వదలని ఆ పద్ధతి సీతామహాలక్ష్మికి తెలిసిన పద్ధతే.

నాలుగో కీమో తర్వాత కడుపు తిప్పకుండా లేదు. ఒకసారి కక్కింది కూడా. మాత్రలు వేళకి వేసుకుంది, గింజ నొక్కుకుంది, పడుకుంది. రెండో రోజు మధ్యాహ్నం పెరుగన్నం కాస్త తింది. అది నిలిచింది. బుచ్చిబాబు ఎదురుగా కూర్చుని ఏ క్షణాన బకెట్టు అందించాల్సి వస్తుందోనని చూస్తున్నాడు.

"అలా గుడ్లప్పగించి చూడకండి. తర్వాతది ఎప్పుడన్నారు?"

"నువ్వే కదా వెళ్ళనన్నావు."

"అన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పండి."

"మూడు వారాలకి. ముందు రక్తపరీక్ష చేయించాలి."

"అయితే ఆ రోజు పొద్దున్నే బయల్దేరదాం. ఆ పంజాగుట్ట ట్రాఫిక్‌లో స్కూటర్ మీద కూర్చోవడం నా వల్ల కాదు" అని, ఇంకో ముద్ద కలుపుకుంది.